కిటికీ డిస్కు, తలుపు డిస్కు

నేను ప్రొద్దుటూరులో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్ ఆఫీసు నుంచి సిస్టమ్స్ మనిషిగా రిటైరయ్యాను. చేరింది మాత్రం సబ్ ఎడిటర్‌గా. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో బల్ల కింద దూరి వైర్లు సరిచేయడానికి భయపడనివాణ్ని నేనొక్కణ్నే. ఆ ఒక్క గుణం చూసి వాటిని నాకు అప్పగించారు. మళ్లీ డెస్కు మీదికి రానివ్వలేదు. వార్త రాయడం పోయిందని మొదట్లో కొంత బాధపడ్డాను. తరవాత తెలిసింది, వార్త రాసేవాడికి కావలసిన అలవాట్లే ఈ పనికీ కావాలని. ఎవరు చెప్పారు, దేన్ని చూసి చెప్పారు, చెప్పినవాడు ఎక్కడ నిలబడి చూశాడు? ఈ మూడూ అడగకుండా మా డెస్కులో ఏ వార్తా పేజీలోకి పోయేది కాదు. సర్వర్ల దగ్గర కూడా నేను చివరిదాకా అడిగింది ఇదే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. కేబుళ్లు, కమాండ్లు మీరు నాకన్నా బాగా నేర్చుకుని వస్తున్నారు. వాటి జోలికి పోను.

జాగా ఎంత ఉంది?

నా ఉద్యోగంలో ఎక్కువసార్లు విన్న ఫిర్యాదు ఒకటే. "జాగా ఉందని చూపిస్తాండాది, ఫైలు మాత్రం పడ్తా లేదు." లేదంటే దానికి తలకిందులు. "అంతా తీసేసినాం, అయినా నిండిందనే అంటాండాది."

సర్వర్‌లో ఉన్న ఒక ఫోల్డర్‌ను ఆఫీసులోని అన్ని కంప్యూటర్లకూ సొంత డ్రైవ్‌లా కనిపించేట్టు పెడతాం. దాన్నే షేర్ అంటాం. అందులో ఎంత ఖాళీ ఉందని మీ ముందున్న కంప్యూటరును అడిగితే అది వెళ్లి కొలిచి రాదు. సర్వర్‌ను అడిగి, వచ్చిన జవాబును తనకు అర్థమైన మేరకు చూపిస్తుంది. నోటిమాట చేతులు మారినట్టే ఈ అంకె కూడా మారుతుంది.

మా జమ్మలమడుగు కార్యాలయంలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఎంత పెద్ద డిస్కు చూపించినా రెండు జీబీలనే చెప్పేది. దానికి అంతకు మించి లెక్క రాదు. అది చూసి ప్రకటనల మేనేజరు కొత్త డిస్కులో మోసం జరిగిందని హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. ఇంకోసారి ఒక సబ్ ఎడిటర్ పాత పేజీలన్నీ తుడిచేసినా జాగా పెరగలేదు. ఆ పేజీలను ఎవరో వేరే కంప్యూటర్లో తెరిచి పెట్టుకుని టీకి వెళ్లారు. వాళ్లు వచ్చి మూసిన క్షణాన జాగా తిరిగొచ్చింది.

ఇవి నవ్వుకునే సంగతులు. ఒకసారి మాత్రం ఈ అంకె ఒక మనిషి మీదికి వచ్చింది.

స్కేలు సారు

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి శివరామయ్య గారిని అందరూ స్కేలు సారు అనేవాళ్లు. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది. ఒక పార్టీ వాళ్ల ఫోటో పేజీలో ఎన్ని సెంటీమీటర్లు వెడల్పు పడితే రెండో పార్టీది కూడా అంతే పడాలి. పేజీ ప్రింటు చేతికిస్తే ముందు శీర్షిక చదవరు, స్కేలు తీస్తారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లకు ఇది చాదస్తంలా కనిపించేది. ఊరికి రెండు వర్గాలు, వర్గానికో పార్టీ ఉన్న చోట అర సెంటీమీటరు తేడా వస్తే ఎవరి ఇంటి ముందు జీపు ఆగుతుందో ఆయనకు తెలుసు. ఆయన పిరికివాడని అన్నవాళ్లు ఉన్నారు. నేను అనను. ఆయన కింద పనిచేసినన్నాళ్లు మా విలేకరి ఒక్కడు కూడా దెబ్బలు తినలేదు.

డెస్కులో ఒక పార్టీ వార్తలు చూసే సబ్ ఎడిటర్ కిటికీ పక్కన, రెండో పార్టీ వార్తలు చూసే అతను తలుపు పక్కన కూర్చునేవాళ్లు. పార్టీల పేర్లు పైకి అనడం ఎందుకని ఆఫీసంతా కిటికీ వాళ్లు, తలుపు వాళ్లు అనేది. సర్వర్‌లోని ఫోటోల షేర్‌లో ఫోల్డర్లకు కూడా ఆ పేర్లే పెట్టారు. ఈ రాతలోనూ వాటినే వాడతాను.

ఎన్నికల ముందు నేను పులివెందులలో కొత్త సబ్ ఆఫీసుకు కంప్యూటర్లు బిగించడానికి వెళ్లాను. అప్పుడే హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజనీరు సర్వర్ చూడటానికి ప్రొద్దుటూరు వచ్చాడు. స్కేలు సారు అతన్ని కూర్చోబెట్టి అడిగింది ఇది: "రెండు పార్టీల ఫోటోలు ఒకే డిస్కులో కలిసిపోతాండాయి. రేపు ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనే మాట రాకూడదు. ఎవరి డిస్కు వాళ్లకు పెట్టు. రెండూ ఒకటే సైజు ఉండల్ల." పేజీకి పెట్టిన స్కేలునే సర్వర్‌కూ పెట్టారన్న మాట. ఆ ఇంజనీరు అడిగినట్టే చేశాడు. సమానమైన రెండు డిస్కులు తెచ్చి, కిటికీ ఫోల్డర్‌కు ఒకటి, తలుపు ఫోల్డర్‌కు ఒకటి తగిలించి, పాత ఫోటోలన్నీ ఎవరివి వాళ్ల డిస్కులోకి మార్చి, హైదరాబాద్ బస్సెక్కాడు. బయటికి ఏ మార్పూ కనిపించదు. అవే పేర్లు, అదే షేర్. నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథ లేదు. తాను చేసిన పని తన తరవాతి మనిషికి చెప్పకుండా పోయేవాణ్ని, ఎంత తెలివైనవాడైనా, నేను మంచి ఇంజనీరు అనను.

మా ఫోటోలే ఎందుకు?

జమ్మలమడుగులో ఇమాం మా ఫోటోగ్రాఫర్. బస్టాండు దగ్గర చిన్న స్టూడియో నడిపేవాడు. పెన్నా అవతల ఊళ్లలో రెండు వర్గాల పెళ్లిళ్లూ తీయగలిగినవాడు అతనొక్కడే. ఒక వీధిలో పొద్దున తలంబ్రాలు తీసి, ఎదుటి వర్గం వీధిలో సాయంత్రం రిసెప్షన్ తీసేవాడు. అతను ఏ వైపూ కాదని అందరూ నమ్మడమే అతని బతుకుదెరువు. మా పత్రికకు కూడా అతను పనికొచ్చింది అందుకే.

డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్త రోజులవి. పులివెందుల ఫోటోలు ఇంకా బస్సులో కవర్లో వచ్చేవి. జమ్మలమడుగు నుంచి మాత్రం మా సర్వర్‌కు టెలిఫోన్ లైను ఉంది. ఇమాం ఏ పార్టీ మీటింగు తీస్తే ఆ ఫోల్డర్ పేరు ఎంచుకుని అక్కడి నుంచే పంపేవాడు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఒక వింత మొదలైంది. అతను పంపిన తలుపు వాళ్ల ఫోటోలు చక్కగా వస్తున్నాయి. కిటికీ వాళ్లవి పేరు మాత్రం వస్తుంది, నొక్కితే తెరుచుకోదు. మళ్లీ పంపినా అంతే. ప్రచార సభలన్నీ సాయంత్రాలే. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ఒంటరిగా బండెక్కని కాలం కాబట్టి, కెమెరా తీసుకుని ప్రొద్దుటూరు వచ్చే వీలు లేదు. పేజీలో కిటికీ వాళ్ల చోట పాత ఫోటో వేసేవాళ్లు. స్కేలు ప్రకారం సెంటీమీటర్లు సమానమే. కానీ ఒకరి సభ కళకళలాడుతూ, ఇంకొకరిది ఎప్పటిదో.

మూడోసారి ఇలా జరిగాక పెన్నా అవతలి ఒక ఊరి కిటికీ వర్గం మనుషులు ఇమాం స్టూడియోకు వచ్చారు. అక్కడ జరిగింది ఇమామే నాకు చెప్పాడు.

"ఏమప్పా ఇమాం, వాళ్ల ఫోటోలు బతుకుతాండాయి, మా ఫోటోలే ఎందుకు సచ్చిపోతాండాయి?"

"నేను పంపిస్తాండా మామా. ఆడ తెరుసుకుంటా లేదంట."

"వాళ్లవి ఎట్ల తెరుసుకుంటాండాయి మరి? నీ కెమెరాకు గూడ పార్టీ ఉండాదా ఏంది?"

కెమెరా తీసుకుని తమ వీధికి రావద్దన్నారు. ఆ వర్గంలో పెద్దమనిషి, మాజీ సర్పంచ్ ఓబులేసు ఇంట్లో పెళ్లి ఇమాం ఒప్పుకున్నదే. దాన్ని కూడా వద్దన్నారు. ఒక వీధి మూసుకుంటే రెండో వీధి వాళ్లు అతన్ని తమవాడనుకుంటారు. అప్పుడు ఆ ముద్ర ఇక పోదు. అలా ముద్ర పడ్డ మనిషికి ఆ రోజుల్లో ఏమయ్యేదో ఇక్కడి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అంకె చెప్పిన తీర్పు

నేను పులివెందుల నుంచి తిరిగొచ్చేసరికి ఆఫీసు ఒక నిర్ణయానికి వచ్చేసింది. స్కేలు సారు నన్ను పిలిచి తన కంప్యూటర్లో ఫోటోల డ్రైవ్ చూపించారు.

"చూడు ప్రభాకర్, ఎంత జాగా ఉండాదో. సగం పైన ఖాళీ. సర్వర్ తప్పు కాదు. లైను తప్పా అంటే, తలుపు వాళ్ల ఫోటోలు అదే లైనులో వస్తాండాయి గదా. ఇంక మిగిలిందెవరు?"

"ఇమాం అట్లాంటోడు కాదు సార్."

"నాకు గూడ తెలుసప్పా. తెలిసినా ఏం జెయ్యల్ల? రెండు రోజులు చూస్తా. తర్వాత వేరే మనిషిని పెట్టల్ల."

ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. డిస్కులు విడదీయించింది తానే అయినా, ఎదురుగా కనిపిస్తున్న అంకె అన్నిటికీ కలిపి చెబుతోందని నమ్మారు. ఆ అంకె పక్కన ఒక మనిషిని నిలబెడితే, ఎవరైనా మనిషినే అనుమానిస్తారు. అంకెకు వర్గం ఉండదని మన నమ్మకం.

నేను జమ్మలమడుగు వెళ్లి ఇమాం పక్కన కూర్చున్నాను. మనిషి చిక్కిపోయాడు. కుర్చీ వేశాడు కానీ టీ తెప్పించడం మరిచిపోయాడు. ఎప్పుడూ అలా చేసేవాడు కాదు.

"నువ్వు గూడ నన్ను పరీక్ష చేసేకి వచ్చినావా అన్నా?"

"నిన్ను కాదు లేప్పా. కిటికీ వాళ్ల ఫోటో ఒకటి తీయి. నా ముందర పంపు."

పంపాడు. స్క్రీను మీద 'పంపబడింది' అని వచ్చింది. ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి అడిగితే, పేరు వచ్చింది, లోపల ఏమీ లేదన్నారు.

"ఇప్పుడు అదే ఫోటోను తలుపు ఫోల్డర్‌కు పంపు."

ఇమాం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దన్నా! వీళ్ల నాయకుడు వాళ్ల ఫోల్డర్లోనా? ఎవరన్నా చూస్తే నన్ను ఊర్లో ఉండనిస్తారా?"

"చూసేది నేనే. వెంటనే తీసేయిస్తా. పంపు."

పంపాడు. ఈసారి ఫోన్లో తలుపు పక్క సబ్ ఎడిటర్ కేక వేశాడు. "ఏందన్నా ఇది? ఈ మనిషి మా ఫోల్డర్లోకి యాడ నుంచి వచ్చినాడు? శానా స్పష్టంగా ఉండాడే!"

అదే ఫోటో, అదే లైను, అదే మనిషి. మారింది ఫోల్డర్ ఒక్కటే. ఇమాం కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే నాది కాదు గదా అన్నా?" అని మాత్రం అన్నాడు. అప్పుడు టీ చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే ప్రొద్దుటూరు వచ్చి ఎవరి కంప్యూటర్లోనూ చూడకుండా నేరుగా సర్వర్ ముందు కూర్చున్నాను. షేర్‌లో ఎంత జాగా ఉందని అడగలేదు. కిటికీ ఫోల్డర్ ఏ డిస్కు మీద ఉంది, ఆ డిస్కులో ఎంత మిగిలిందని అడిగాను. సున్నా అని వచ్చింది. తలుపు ఫోల్డర్‌ను అడిగాను. అది వేరే డిస్కు. సగం కూడా నిండలేదు. స్కేలు సారు చూపించిన ఖాళీ ఈ రెంటిదీ కాదు. విడదీయక ముందు ఫోటోలన్నీ ఉండిన పాత డిస్కుది, షేర్ ఇప్పటికీ మొదలయ్యే మూడో డిస్కుది. బయటి నుంచి అడిగిన ప్రతి కంప్యూటర్‌కూ సర్వర్ ఆ మూడో డిస్కు లెక్కే చెబుతూ వచ్చింది. జమ్మలమడుగు నుంచి పంపే ప్రోగ్రాముకు లైను చివర దాకా చేర్చడమే తెలుసు. లోపల జాగా దొరికిందా అని అది అడగదు.

కిటికీ డిస్కు ఎందుకు నిండిందంటే, ఆ పార్టీ వాళ్లు మీటింగులు ఎక్కువ పెట్టారు. ఫ్లెక్సీ వేయించే వాళ్లు ఎప్పుడు ఏ పాత ఫోటో అడుగుతారోనని కిటికీ పక్క సబ్ ఎడిటర్ ఒక్కటి కూడా తీసేయలేదు. ప్రొద్దుటూరు ఫోటోగ్రాఫర్ల ఫోటోలు అతను తన కంప్యూటర్లోనే పెట్టుకునేవాడు కాబట్టి, డిస్కు నిండిన దెబ్బ లైనులో వచ్చే ఇమాం ఫోటోలకు మాత్రమే తగిలింది.

మూడు డిస్కులనూ కలిపి ఒకటే జాగాగా మార్చడానికి ఆ పూట సరిపోయింది. సాయంత్రం ఇమాం పంపిన కిటికీ ఫోటో తెరుచుకుంది. ఇలాంటి చోట చాలామంది పని అయిపోయిందనుకుని ఇంటికి పోతారు. యంత్రం బాగైంది కానీ మనిషి మీది మాట అలాగే ఉంది.

గోడౌన్ దగ్గర

"ఓబులేసు వాళ్ల ఊరికి పోయి చెప్పి వద్దాం సార్," అన్నాను స్కేలు సారుతో.

ఆయన స్కేలును బల్ల మీద అటూ ఇటూ జరిపారు. "ఏమని చెప్పల్ల? పార్టీకొక డిస్కు పెట్టుకున్నామనా? పేపరోళ్లు మమ్మల్ని గదుల్లో పెట్టి తాళం ఏసినారంటారు. రెండు పక్కలా తిట్టించుకోవల్ల."

"చెప్పకుంటే ఇమాం ఒక్కడే తిట్లు తింటాండాడు సార్."

ఆయన స్కేలును పక్కన పెట్టారు. తరవాత లేచి చొక్కా సర్దుకున్నారు. "పద. డిస్కులు పెట్టమన్నది నేను. నేనే వచ్చి చెప్తా."

నేను చూసిన బాసుల్లో ఆ మాట అనగలిగినవాళ్లు చాలా తక్కువ. అందుకే ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు స్కేలు గుర్తుకు రాదు, చొక్కా సర్దుకుని లేవడం గుర్తొస్తుంది.

మరుసటి రోజు పొద్దున ఇమాంను జమ్మలమడుగులో ఎక్కించుకుని ముగ్గురం పోయాం. ఓబులేసు తన శనగల గోడౌన్ దగ్గర ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు. ఎవరూ కూర్చోమనలేదు. ఇమాం జీపు దిగి డోరు పట్టుకునే నిలబడ్డాడు.

స్కేలు సారు మొదలుపెట్టారు కానీ డిస్కు, సర్వర్ అనేసరికి వాళ్ల మొహాలు బిగుసుకున్నాయి.

"అవన్నీ మాకు చెప్పొద్దు సామీ," అన్నాడు ఓబులేసు. "ఖాళీ ఉండాదని మీ ఆఫీసోళ్లే అన్నారంట. ఉండీ మావి ఎందుకు పట్టలేదు?"

గోడౌన్ తలుపు తెరిచే ఉంది. ముందు హాలు ఖాళీ. వెనక రెండు గదుల తలుపులు కనిపిస్తున్నాయి.

"మామా, ఈడ గేటు కాడ నిలబడి చూస్తే నీ గోడౌన్లో జాగా ఉందంటావా లేదంటావా?" అని అడిగాను.

"ముందర హాలు ఖాళీనే గదా. ఉండాది."

"ఎడమ పక్క గదిలో?"

"అది పైకప్పు దాకా మూటలే. ఒక్కటి గూడ పట్టదు."

"మూటను ఆ గదిలోనే పెట్టల్లని ఆర్డరు. గేటు కాడోడు హాలును చూసి జాగా ఉంది, పో అంటాండాడు. మూట మోసుకొచ్చినోడు గది కాడికి పోయి ఏం జేస్తాడు?"

ఓబులేసు గోడౌన్ వైపు చూశాడు. తరవాత ఇమాం వైపు చూశాడు. "మూట మోసినోడు వీడా?"

"వీడే. గేటు కాడ నిలబడి జాగా ఉందన్నది మా కంప్యూటర్."

పక్కనున్న ఒకతను అందుకున్నాడు. "అంటే మాకొక గది, వాళ్లకొక గది పెట్టినారా?"

నేను భయపడిన ప్రశ్న అదే. స్కేలు సారు ముందుకు వచ్చారు. "నేనే పెట్టమన్నాప్పా. ఎక్కువ తక్కువ రాకూడదని. రెండు గదులూ ఒకటే సైజు."

"ఒకటే సైజైతే వాళ్లది ఎందుకు నిండలేదు?"

సారు నా వైపు చూశారు. ఉన్నమాట చెప్పాను. "వాళ్ల ఫోటోలు తక్కువ. మీ మీటింగులు ఎక్కువ. వాళ్లది సగం గూడ నిండలేదు మామా."

 ఓబులేసు మీసం కిందుగా నవ్వు మొదలై భుజాల దాకా పాకింది.

"ఇన్నార్రా? వాళ్లది సగం గూడ నిండలేదంట! మనది గది పట్టక బయటికి పొర్లుతాండాదంట!" నవ్వుతూనే జీపు వైపు తిరిగాడు. "రేయ్ ఇమాం, ఆ డోరు ఊడొస్తాది, వదులు. రా ఇట్ల. పెళ్లికి ఎంతమంది వస్తాండారో తెలుసునా? ఒక కెమెరా సాలదు, రెండు తెచ్చుకో."

కుర్చీలు వచ్చాయి. మజ్జిగ వచ్చింది. ఇమాం ఒక గ్లాసు తాగి ఇంకోటి అడిగాడు.

ఇప్పుడు ఆ డిస్కులన్నీ కలిపేశామని సారు చెప్పబోయారు. నేను మోచేత్తో పొడిచాను.

వారం తిరక్కుండా ఇమాం నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, ఏం మాట చెప్పొచ్చినావు ఆ రోజు? తలుపు వాళ్లు వచ్చినారు స్టూడియోకు. మా గది సగం గూడ నిండలేదని ఊరంతా నగుతాండారు, మాకు ఫోటోలు తక్కువ తీస్తాండావా అని కొట్లాట."

"నువ్వేమన్నావు?"

"మీటింగులు పెట్టేది మీ పని మామా, నింపేది నా పని అని చెప్పినా. రేపు రెండు మీటింగులు పెట్టినారు. వాళ్లింట్లో పెళ్లి గూడ నాకే చెప్పినారు."

పోలింగు నాడు ఆ ఊళ్లో రెండు వీధుల్లో రెండు పోలింగ్ బూత్‌లు. పోలీసు పికెట్ మధ్యన ఒక బూత్ నుంచి ఇంకో బూత్‌కు నడిచి పోగలిగిన ఫోటోగ్రాఫర్ ఇమాం ఒక్కడే. మరునాటి మొదటి పేజీలో రెండు ఫోటోలూ అతనివే పక్కపక్కన వేశాం. స్కేలు సారు అలవాటు కొద్దీ కొలిచారు. లైనులో అవి వచ్చి పడుతున్నప్పుడు నేను సర్వర్ దగ్గరే నిలబడి ఉన్నాను. రెండూ తెరుచుకున్నాయి.